పైకి మానిన కాలు

మా ఆయన కాలి పుండు మానకపోవడానికి కారణం కందిపప్పేనని ఒకప్పుడు ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పేదాన్ని. నేను ఊరికే ఒట్టేసే మనిషిని కాదు. జాకెట్టు గుడ్డ మీటరుకు నాలుగు వేళ్ళు తగ్గిందంటే షాపువాడి ఎదురుగానే టేపు పరిచి కొలిచి చూపించే రకం. మా వీధి ఆడవాళ్ళు ముఖం మీదే "నీకు అనుమానం జబ్బమ్మా" అంటారు. వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు, ఎందుకంటే అది కూడా అనుమానించి కనుక్కున్నాను. మిషను కుట్టి బతికే మనిషికి కన్ను చురుగ్గా ఉండాలని, ఎవరినీ తేలిగ్గా నమ్మకూడదని నా లెక్క.

మాది మాచవరం దగ్గర ఒక పల్లె. మా ఆయన టిప్పరు డ్రైవరు, క్వారీ నుంచి రాయి తోలేవాడు. ఒకరోజు లోడు సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని బండి దిగాడు. పైనుంచి ఒక పెద్ద రాయి దొర్లి ఎడమ కాలి మీద పడింది. మోకాలికీ మడమకూ మధ్య ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఆ గాయం నిండా మట్టి, రాతి పొడి. తోటి డ్రైవర్లు తువ్వాలు చుట్టి నరసరావుపేట తీసుకుపోయారు. నేను వెళ్ళేసరికి ఆపరేషను గదిలో ఉన్నాడు. ఎడమ కాలంటే డ్రైవరుకు క్లచ్చి కాలు. ఆ కాలు లేకపోతే ఆయనకు ఇంకో పని రాదు. చేసే ఉద్దేశం కూడా లేదు. స్టీరింగు పట్టుకున్నప్పుడే ఆయన మనిషి.

ఎముకకు ప్లేటు వేసి కుట్లు వేశాక డాక్టరు నన్ను పిలిచాడు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంటే నాకు ముందే అనుమానం.

"ఎముకకి మట్టి తగిలిందమ్మా. బాగా కడిగాం. అయినా లోపల ఇన్ఫెక్షను వచ్చే ప్రమాదం ఉంది. జ్వరం వచ్చినా, కాలు వేడిగా అనిపించినా, కుట్ల దగ్గర నీరు కారినా ఇంట్లో కూర్చోకుండా వచ్చెయ్యండి" అన్నాడు.

రాబోయే రోగాన్ని ముందే చెప్పాడంటే ఆ రోగం మీద ఈయనకు ఏదో ఆశ ఉందన్నమాట, అనుకున్నాను. బండి బాగుచేసిన మెకానిక్కు "నెల తర్వాత గేరు బాక్సు చూపించుకోండి" అంటే మా ఆయన మాత్రం ఊరుకుంటాడా?

ఇంటికి తెచ్చాక పత్యం మొదలుపెట్టాను. మా వైపు పుండు ఉన్న మనిషికి పప్పు పెట్టరు. పప్పు తింటే చీము పడుతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప కూడా దగ్గరకు రానివ్వం. బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, అంతే. మా ఆయనేమో పప్పు లేనిదే ముద్ద దిగని మనిషి. కంచం ముందు కూర్చుని బీరకాయ కూరను చూసి "ఏందే ఇది, నేను మనిషినా, దూడనా?" అని రోజూ అడిగేవాడు. "కాలు కావాలా, పప్పు కావాలా?" అని నేనూ రోజూ అడిగేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు కుట్లు పడిన చోట చర్మం ఎర్రగా ఉబ్బింది. చెయ్యి వేస్తే పొయ్యి మీంచి దించిన గిన్నె తాకినట్టు వేడి. మర్నాటికి అక్కడ చిన్న కన్నం పడి చీము కారింది. నరసరావుపేట వెళితే ఎక్స్‌రే తీశారు, రక్తం తీశారు, కన్నం లోపలి నుంచి చీము తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజుల తర్వాత డాక్టరు కాగితాలన్నీ ముందు వేసుకుని, చీము ఎముక దాకా పోయిందని చెప్పాడు. ఎముక ఇంకా అతకలేదు కాబట్టి ఇప్పుడే ప్లేటు కదిలించకూడదట. మూడు నెలలు మందులు వాడాలట. పొద్దున పరగడుపున ఒక ఎర్ర గొట్టం మాత్ర, రెండు పూటలా ఒక తెల్ల మాత్ర.

"పైన పుండు ఎండిపోద్ది. ఎండిందని మాత్రం ఆపొద్దు" అన్నాడు డాక్టరు.

మూడు నెలలు! జ్వరానికి ఐదు రోజులు ఇస్తారు. పంటికి వారం ఇస్తారు. గోరంత పుండుకు మూడు నెలలా? నేను ఆ మాట పైకి అనలేదు కానీ నా ముఖం అనే ఉంటుంది. డాక్టరు నా వైపు చూసి మళ్ళీ "ఆపొద్దమ్మా" అన్నాడు.

మందుల బాధ్యత నాదే. మా ఆయనకు బండి కాగితాలు తప్ప ఇంకే కాగితమూ పట్టదు. పొద్దున్నే నేను మాత్ర అరచేతిలో పెడితే నోట్లో వేసుకుని నీళ్ళు తాగి, ఫోనులో తోటి డ్రైవర్లతో కబుర్లు మొదలుపెట్టేవాడు. మూడో రోజు పెరట్లోంచి కేకేశాడు.

"ఏమే, డాక్టరు చెప్పినట్టే అయిందే. ఒంటేలు ఎర్రగా వస్తంది."

కుట్టేది ఆపి పెరట్లోకి పరిగెత్తాను. "ఎర్రగానా? డాక్టరు చెప్పాడా? ఎప్పుడు చెప్పాడు?"

"నువ్వు మందుల కాడ నిలబడ్డప్పుడు. ఆ గొట్టం వేసుకుంటే ఎర్రగా వచ్చుద్దంట, భయపడొద్దన్నాడు."

భయపడొద్దని ముందే చెప్పాడంటే భయపడాల్సింది ఏదో ఉందన్నమాటే కదా! అదీ నేను లేనప్పుడు చెప్పాడు. ఆ రోజు నుంచి నేను ఆయన బట్టలు కూడా పట్టి చూడటం మొదలుపెట్టాను. తెల్ల బనీను చంకల్లో నారింజరంగు మరక. గుడ్డ మీద మరక చూసి అది దేనిదో చెప్పడం నా వృత్తి. ఈ మరక మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. మనిషి చెమట రంగు మార్చేసే మందు లోపల ఇంకేం చేస్తున్నదో? పైగా ఆయనకు అన్నం సయించడం లేదు. ముఖం పీక్కుపోయింది.

మా ఊళ్ళో మందుల షాపు అబ్బాయి నా దగ్గర వాళ్ళ ఆవిడ జాకెట్లు కుట్టిస్తాడు. ఖాళీ అట్ట తీసుకెళ్ళి అతనికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇది టీబీ వాళ్ళకిచ్చే మందు గదక్కా. బావకెందుకిచ్చారు?"

టీబీనా? మా ఆయనకు దగ్గే లేదు. అంటే డాక్టరు పొరపాటున వేరేవాళ్ళ మందు రాశాడా? లేకపోతే నిజంగానే టీబీ ఉండి మా దగ్గర దాచాడా? "మూడు నెలలంటే చానా ఎక్కువక్కా. లివరు జాగర్త" అని ఆ అబ్బాయి ఇంకో రెండు రాళ్ళు వేశాడు. ఇంటికి నడిచి వస్తుంటే నా బుర్రలో మిషను చక్రం తిరిగినట్టు ఒకటే ఆలోచన. ఈ మాట వీధిలో పొక్కితే మా గడప ఎవరు తొక్కుతారు? నా చేత గుడ్డలు ఎవరు కుట్టించుకుంటారు? నరసరావుపేట వెళ్ళి డాక్టరును నిలదీసి అడగొచ్చు. ఫోను చేసినా సరిపోయేది. కానీ అబద్ధం చెప్పేవాణ్ణి అడిగితే ఇంకో అబద్ధం చెబుతాడు తప్ప ఏముంది, అనుకున్నాను. ఆయన అబద్ధం చెప్పాడని ఎప్పుడు తేల్చేశానో నాకే తెలియదు.

మూడు వారాలకు పుండు ఎండింది. పైన నల్లగా చెక్కు కట్టి, అది రాలి, కింద లేత చర్మం వచ్చింది. వేడి లేదు, వాపు లేదు. వేలితో నొక్కి చూశాను, నొప్పి లేదన్నాడు. ఇంక చాలు, అనుకున్నాను. మానిన పుండుకు విషం ఎందుకు పొయ్యడం?

అయితే మా ఆయనతో చిక్కు ఉంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. సర్వీసింగు ఒక్కరోజు ఆలస్యమైనా బండికి క్షమాపణ చెప్పుకునే రకం. ఆపేద్దామంటే ఒప్పుకోడు, డాక్టరుకు ఫోను చేస్తాడు. అందుకని ఆ షాపులోనే బలానికి వేసుకునే బి-కాంప్లెక్స్ గొట్టాలు కొన్నాను. అవీ ఎరుపే. పొద్దున అట్టలోంచి అసలు మాత్ర తీసి గాజు సీసాలో వేసి, దాని బదులు బలం గొట్టం ఆయన చేతిలో పెట్టాను. తెల్ల మాత్ర రెండు పూటలది ఒక పూట చేశాను. దొంగతనం చేస్తున్నట్టు కాదు, మొగుణ్ణి కాపాడుకుంటున్నట్టే ఉంది నాకు. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నాలుగు రోజులకు ఆయన పెరట్లోంచి వచ్చి సంబరంగా చెప్పాడు. "ఎరుపు పోయిందే! పచ్చగా వస్తంది. తగ్గిపోయినట్టుంది."

"తగ్గదా మరి? ఎవరు చూసుకుంటున్నారు?" అన్నాను.

నెలన్నర బాగానే గడిచింది. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచేవాడు. క్వారీ ఓనరు ఫోను చేసి, వచ్చే నెల నుంచి చిన్న బండి ఎక్కమన్నాడు. ఆ రోజు మా ఆయన మంచం మీద కూర్చుని ఎడమ కాలితో క్లచ్చి తొక్కినట్టు నేల తొక్కి చూసుకున్నాడు. నేను మిషను దగ్గర నుంచి చూసి, చూడనట్టు కుట్టుకుంటూ కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, సంతోషానికే.

తర్వాత వారం సాయంకాలాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. "లోపల ఎక్కడో సలపరిస్తంది" అనేవాడు. చర్మం మీద ఏమీ లేదు. ఐదో రోజు పాత మచ్చ పక్కనే ఉబ్బింది, పగిలింది, చీము. ఈసారి వాసన కూడా.

నా అనుమానం సూటిగా పప్పు మీదికే పోయింది. మాత్రల మీదికి పోలేదా అంటే, పోబోయింది. గాజు సీసా వైపు ఒకసారి చూశాను కూడా. వెంటనే ముఖం తిప్పుకున్నాను. మనిషికి తన తప్పు కనపడబోయే ముందు ఎదుటివాడి తప్పు ఎంత పెద్దదిగా కనపడుతుందో నాకు అప్పుడు తెలియదు. ఆయన లుంగీ ఉతుకుతుంటే మోకాలి దగ్గర పప్పు ఒలికినట్టు పసుపు మరక, దాని మీద అతుక్కున్న ఒక ఆవగింజ. మా ఇంట్లో నెలల తరబడి పప్పు వండలేదు. తడి చేతులతోనే నిలదీశాను.

"యాడ తిన్నావు పప్పు?"

"నేనేం తిన్లా."

"ఒట్టెయ్యి నా మీద."

ఆయన గోడ వైపు చూశాడు. అంతే, నాకు దొరికిపోయాడు.

మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, నాలుగిళ్ళ అవతల ఉంటుంది. కొంగు దోపుకుని వెళ్ళాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. అడగకుండా గిన్నె మూత తీశాను. మామిడికాయ పప్పు! కాలుతున్న మూతను అక్కడే పడేశాను.

"వదినా, తమ్ముడి కాలు తీయించాలనుకున్నావా?"

"ఏందమ్మే ఆ మాటలు!" ఆమె గరిటె పట్టుకునే లేచింది. "తిన్నాడు. నాలుగు మాట్లు తిన్నాడు. వచ్చి ఇక్కడ కూచుని 'అక్కా, ఒక్క ముద్ద పెట్టవే' అని పసిపిల్లాడల్లే అడిగితే లేదనమంటావా? డొక్కలు కనపడతన్నయి వాడికి. నీ బీరకాయలతో చంపుతున్నావు వాణ్ణి!"

"చంపేది నేనా? ఆ చీము ఎవరు పెట్టిన పప్పుది?"

వీధంతా పోగైంది. పప్పు పేరు వినగానే వీధంతా నా వైపు. "పుండుతో ఉన్నోడికి పప్పు పెట్టుద్దా ఎవరైనా?" అని ఆమెను తలా ఒక మాట అన్నారు. ఆమె ఏడుస్తూ తలుపు వేసుకుంది. నా అనుమానం నిజమైనందుకు నాకు ఎంత తృప్తి కలిగిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. ఆమె దొంగచాటుగా పెట్టిన మాట నిజం. ఆయన దొంగచాటుగా తిన్న మాటా నిజం. రెండు నిజాలు చేతికి దొరికాయి కాబట్టి చీముకు కారణం కూడా దొరికిందని అనుకున్నాను.

ఆ నమ్మకం మీద ఇంకో నెల పోగొట్టాను. డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆయన అంటే, "పోయి ఏం చెబుతావు, పప్పు తిన్నానని చెబుతావా?" అని నోరు మూయించాను. ఆడబిడ్డను గడప తొక్కనివ్వలేదు. చారు, మెత్తటి అన్నం తప్ప ఏమీ పెట్టలేదు. వేపాకు నీళ్ళతో కడిగి, పసుపు అద్ది, నా దగ్గరున్న మెత్తటి మల్లు గుడ్డతో కట్టు కట్టేదాన్ని. చీము తగ్గినట్టే ఉండి మళ్ళీ వచ్చేది. ఆయన సన్నబడిపోయి, చొక్కా భుజాలు జారిపోతుంటే నేనే రెండు పక్కలా కుట్టు వేసి బిగించి ఇచ్చాను.

ఒకరోజు పొద్దున కట్టు విప్పుతుంటే గుడ్డకు ఏదో గట్టిగా తగిలింది. రాతి ముక్కేమో, యాక్సిడెంటు నాటిది మిగిలిపోయిందేమో అనుకుని నీళ్ళలో కడిగాను. బియ్యపు నూకంత ఉంది. పసుపుపచ్చగా, ఒక అంచు పొరలు పొరలుగా. ఆయన నా చేతిలోంచి తీసుకుని వెలుతురులో పట్టుకుని చూశాడు.

"ఇది ఎముక గదే" అన్నాడు మెల్లగా.

కట్టు అట్లాగే చుట్టి నేనే ఆటో పిలిచాను. దారిలో నకరికల్లు దాటాక ఆయన, "కాలు తీసేస్తారంటావా?" అని అడిగాడు. "నోట మంచి మాటే రాదా ఏంది? ఊరుకో" అని కసిరాను.

డాక్టరు కొత్త ఎక్స్‌రే లైటు మీద పెట్టి చానాసేపు చూశాడు. ఎముకలో ఒక ముక్క చచ్చిపోయిందట. చచ్చిన ఎముకలోకి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళనిచోటికి మందూ వెళ్ళదు, అందుకని చీము పుట్టించే పురుగులు అక్కడా, ప్లేటు మీదా కాపురం పెట్టేశాయన్నాడు. అప్పుడు మా ఆయన వైపు తిరిగాడు.

"మందులు సరిగ్గా వేసుకున్నావా?"

"ఒక్క పూట తప్పలా సార్" అన్నాడు మా ఆయన. నా వైపు చూసి ముసిముసిగా నవ్వాడు కూడా. "నేను మర్చిపోయినా ఈమె మర్చిపోదు. ఊళ్ళో ఎవర్నీ నమ్మదు సార్ మా ఆవిడ. మాత్ర కూడా తనే చేత్తో తీసి ఇస్తది."

డాక్టరు తల ఊపి, కలం తీసి కాగితం మీద ఆ మందుల పేర్లు కొట్టేశాడు. "వేసుకుంటూ ఉండగానే ఇట్లా అయిందంటే ఈ మందులు ఓడిపోయాయని అనుకోవాలి. ప్లేటు తీసి, చచ్చిన ఎముకంతా తీసెయ్యాలి. ఆ తర్వాత వేరే ఇంజెక్షన్లు పెట్టి చూద్దాం. నేను దాచను. దానికీ లొంగకపోతే, పైకి పాకకముందే మోకాలి కింద తీసెయ్యడం గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది."

మా ఆయన ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన చెయ్యి మాత్రం ఎడమ మోకాలి మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది.

నేను ఆ కొట్టేసిన గీత వైపే చూస్తున్నాను. ఆ మందు ఓడిపోలేదు. అది మా ఇంట్లో, దారపు ఉండల వెనక, గాజు సీసాలో ఉంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఈ లోకంలో ఎవరూ నన్ను అనుమానించరు, ఎందుకంటే అనుమానించేదాన్ని నేనే కదా. నోరు తెరిస్తే ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఆయన ముందు ఇంక తలెత్తుకోలేను. ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు, ఒక్క క్షణం మూసుకుందామనే అనుకున్నాను. అప్పుడు ఆయన ఎడమ పాదం బల్ల కింద క్లచ్చి తొక్కినట్టు నేలను నొక్కడం కనపడింది.

"వేసుకోలేదండీ" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఈయనకి తెలవదు. నేనే మార్చాను. ఎర్ర గొట్టం తీసేసి బి-కాంప్లెక్స్ పెట్టాను. తెల్లది ఒక పూటే ఇచ్చాను. పుండు ఎండిన రోజు నుంచి. అది టీబీ మందన్నారు. మీరేదో దాస్తన్నారనుకున్నా."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను. అరవకపోయేసరికి ఇంకా భయమేసింది.

"అది టీబీకీ వాడతారు, ఎముకలో చీముకీ వాడతారు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి గదమ్మా" అన్నాడు. "పైన చర్మం మూసుకుంటే లోపల నయమైనట్టు కాదు. చెమ్మ గోడకి సున్నం కొట్టినట్టు అది. అందుకే మూడు నెలలన్నాను. సగం మందు వేస్తే అసలుకే మోసం. పురుగు చావకపోగా మందుకి అలవాటు పడే ప్రమాదం ఉంది." తర్వాత కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఇప్పుడైనా చెప్పావు. మంచిదైంది. మందు ఓడిపోలేదేమో. లోపలి ముక్క తీసి పరీక్షకి పంపుదాం. ఏది పనిచేస్తుందో అదే చెబుద్ది" అని, కొట్టేసిన చోట మళ్ళీ రాశాడు.

"పప్పు తిన్నాడండీ" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఎక్కడో ఒక గడ్డిపోచ దొరుకుతుందేమోనని కాబోలు.

"ఇంకా తినాలి. పప్పు, గుడ్డు, మాంసం, అన్నీ. వాటితో చీము రాదు. అవి లేకపోతే పుండు మానడానికీ, ఎముక అతకడానికీ శక్తి యాడ నుంచి వస్తది?"

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. డాక్టరు గదిలో అనలేదు, బయట బెంచీ మీద అనలేదు. "నాలుగు తిట్టయ్యా, కొట్టనైనా కొట్టు" అన్నాను. "మంచినీళ్ళు తీసుకురా" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆపరేషను చేశారు. ప్లేటు తీసేసి, చచ్చిన ఎముక చెక్కేసి, కాలి బయట నుంచి ఇనుప చువ్వలు బిగించారు. పరీక్ష కాగితం వచ్చింది. ఎర్ర మందు ఇంకా పనిచేస్తుందట. ఆ మాట విని ఆసుపత్రి మెట్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చాను. ఆరు వారాలు అక్కడే ఉంచి నరానికి ఇంజెక్షన్లు ఇచ్చారు. వారం వారం రక్తం తీసి, చీము గుణం తగ్గుతున్నదో లేదో చూశారు. నాలుగో వారానికి కాలు నిలుస్తుందని డాక్టరు ధైర్యంగా చెప్పాడు. బండి ఎక్కడానికి ఏడాది పట్టొచ్చు, కొంచెం కుంటు ఉండొచ్చు, కానీ క్లచ్చి తొక్కగలడన్నాడు.

ఆడబిడ్డ కాళ్ళ మీద పడటానికి నేను ఊరికి వెళ్ళేలోపే ఆమె క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. పప్పు తెచ్చింది. "నన్ను వీధిలో నిలబెట్టావు గదమ్మే" అని నన్ను వార్డంతా వినేటట్టు కడిగేసి, తమ్ముడికి ముద్దలు కలిపి పెట్టి, మిగిలింది నాకూ వడ్డించింది. ఆమె తిట్టిన తిట్లు నాకు అన్నంకంటే రుచిగా ఉన్నాయి. ఆమెతో లెక్క తేలిపోయింది.

మా ఆయనతో తేలలేదు. నర్సులతో నవ్వుతూ మాట్లాడేవాడు. పక్క మంచం వాళ్ళతో బండ్ల గురించి గంటలు గంటలు చెప్పేవాడు. నాతో కావలసినంతే మాట్లాడేవాడు, మర్యాదగా. ఇంటికి పంపే రోజు నర్సు నన్ను కూర్చోబెట్టి ఏ మాత్ర ఎప్పుడో చెప్పింది. చెమట, ఒంటేలు రంగు మారుతుందని చెప్పింది, కళ్ళు పచ్చబడితే మాత్రం వెంటనే రమ్మంది. ప్రతి మాటా అడిగి అడిగి తెలుసుకున్నాను. ఇంకేమైనా అనుమానాలున్నాయా అంటే లేవన్నాను.

మర్నాడు పొద్దున ఇంట్లో, మొదటి మాత్ర. ఎర్ర గొట్టం, అసలుదే, అట్టలోంచి తీసి గ్లాసుడు నీళ్ళతో ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచం మీద చువ్వల కాలు చాపుకుని కూర్చున్నాడు. మాత్ర అరచేతిలో పెట్టాను. నోట్లో వేసుకోలేదు.

"ఆ అట్ట కూడా ఇటియ్యి" అన్నాడు.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, తేలిగ్గా ఊపిరి పీల్చుకునేదాన్ని. అట్ట ఇచ్చాను. ఆయన ఫోను తీశాడు. అందులో మందుల చీటీ ఫోటో ఉంది. నర్సును అడిగి ఎప్పుడు తీయించుకున్నాడో నాకు తెలియదు. ఎదుటి లారీ నంబరు చదివినట్టు ఒక్కో ఇంగ్లీషు అక్షరం పైకి చదువుతూ, అట్ట మీద పేరు, ఫోనులో పేరు రెండుసార్లు సరిచూశాడు. అరచేతిలోని మాత్రను తిప్పి, అట్టలో మిగిలినవాటి పక్కన పెట్టి, రంగు చూశాడు. ఆ తర్వాత మింగాడు. అట్ట చొక్కా జేబులో పెట్టుకుని, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు.